లాల్ అహ్మద్ కుడిచెయ్యి

గుంటూరు మిర్చి యార్డులో లాల్ అహ్మద్ చేతికి ఉన్న పేరు లాల్ అహ్మద్‌కి లేదు. మిర్చి బస్తా, అదే టిక్కీ, కుట్టు విప్పి, కుడిచెయ్యి మోచేతి దాకా లోపలికి దూర్చి, కాయని పిడికిట్లో నొక్కి "పన్నెండు" అన్నాడంటే తేమ పన్నెండు శాతమే. తేమ కొలిచే మిషను ఆ తర్వాత వచ్చి అదే మాట చెప్పేది. ముప్ఫై ఏళ్ళుగా ఆ చెయ్యి మండుతూనే ఉంది. సాయంత్రం ఇంటికి రాగానే భార్య షాజాదీ దానికి కొబ్బరినూనె రాసేది.

నవంబరులో ఒక పొద్దున పళ్ళు తోముకుంటుంటే బ్రష్షు జారి కిందపడింది. తీద్దామంటే చెయ్యి లేవలేదు. మెదడులో రక్తనాళం పూడిందన్నారు ఆసుపత్రిలో. వారం రోజులకి మాట తేరుకుంది, నడక తేరుకుంది. కుడిచెయ్యి మాత్రం తడిసిన గోతంలా వేలాడింది.

"ఇది మళ్ళీ టిక్కీలో దూరుద్దా అమ్మా?" అనొక్కటే అడిగాడు, వ్యాయామాలు చేయించే శరణ్యని.

ఆ పిల్ల నాన్చకుండా చెప్పింది. "చేతికేం కాలేదు బాబాయ్. దాన్ని నడిపే, స్పర్శ తెలిపే చోటు మెదడులో కొంత చచ్చిపోయింది. చచ్చిన కణాలు లేవవు. కానీ చుట్టూ ఉన్న కణాలు ఇప్పుడు కొత్త కొమ్మలేస్తున్నాయి. ఏ రెండు కలిసి పదేపదే పనిచేస్తే వాటి మధ్య అతుకు గట్టిపడుద్ది. పనిలేని అతుకు ఎండిపోద్ది. ఈ జోరంతా మొదటి మూడు నెలలే. సీజన్లో మీ కొట్టు ముందు జాగా ఖాళీగా వదిలేస్తే ఏమవుద్ది?"

"పక్కోడు టిక్కీలు దింపేస్తాడు."

"తలలోనూ అంతే. పనులన్నీ ఎడంచేత్తో కానిచ్చారనుకోండి, కుడిచేతి జాగా అది లాక్కుంటుంది."

ఒక నీలం గుడ్డ ఇచ్చింది. రోజుకి ఆరు గంటలు ఎడంచెయ్యి ఒంటికి కట్టెయ్యాలి. తిండితో సహా అన్నీ కుడిచేత్తోనే. వేళ్ళు కాస్త కదులుతున్నాయి కాబట్టి ఆశ ఉందంది.

షాజాదీ కట్టింది రెండు రోజులే. ముద్ద నోటిదాకా వచ్చేలోపు ఒళ్ళో పడేది. పక్కింటి నజ్మీన్ తొంగిచూసి, "ఏం షాజాదీ, మీ ఆయన పారిపోతాడనా కట్టేశావ్?" అని నవ్వింది. షాజాదీకి ఒళ్ళు మండింది. గుడ్డ విప్పి అవతల పడేసింది.

"నేను బతికుండగా నువ్వు మెతుకులు ఏరుకుని తింటావా? నోరు తెరువు."

ఎడంచేత్తో తినడం ఆచారం కాదని అతనికి ఇష్టం లేదు. నోరు తెరిచాడు. పూటపూటా ఆమె ప్రేమగా పెట్టింది, పూటపూటా లోపల ఒక అతుకు ఎండింది.

డిసెంబరులో కొట్టు యజమాని బాపయ్య పరామర్శకి వచ్చాడు. అతని చూపంతా చేతి మీదే. "సీజను ముంచుకొస్తోంది అహ్మదూ. చెయ్యేదైతే ఏంట్రా, కాయ కాయేగా! ఎడందానికి నేర్పు" అని రెండు గోతాల కాయ పంపించాడు.

లాల్ అహ్మద్ పొద్దస్తమానం నేర్పాడు. మెదడు మంచి కూలీ; ఏ పని చూపిస్తే ఆ పని చేస్తుంది, ఇది తప్పయ్యా అని చెప్పదు. జనవరి నెలాఖరుకి ఎడంచెయ్యి ఒకటి అటూఇటూగా తేమ చెప్పేసింది. ఆ సంబరంలో శరణ్య దగ్గరికి పోవడమే మానేశాడు. నీలం గుడ్డ వంటింట్లో మసిగుడ్డయింది.

ఫిబ్రవరిలో తొలి లారీ దిగింది. మార్టూరు వైపు ముసలి రైతు సరుకు. లాల్ అహ్మద్ ఎడంచెయ్యి చాచాడు.

"ఆగవయ్యా! ఏడాది కష్టం, తొలి టిక్కీ. ఎడంచెయ్యి పెడతావా?"

"కుడిది బాలేదు పెద్దాయనా."

"బాలేకపోతే ఇంటికాడ ఉండాలి."

లాల్ అహ్మద్ బాపయ్య వైపు చూశాడు. బాపయ్య మెడ గోక్కున్నాడు. "ఆయనన్నదీ సబబేగా. కుడిదే పెట్టరా, పోయేదేముంది?"

ఎడంచేత్తో కుడిచెయ్యి పట్టుకుని టిక్కీలోకి తోశాడు. మోచేతి దాకా వెళ్ళింది. మంట లేదు, గరుకు లేదు, మెత్తన లేదు. ఎవరి చెయ్యో లోపల ఉన్నట్టుంది.

"ఎంత?" అన్నాడు బాపయ్య.

"పన్నెండు." నోటికి అలవాటైన అంకె అదే.

మిషను పదిహేడు చూపించింది. వెనక హమాలీలెవరో కిసుక్కుమన్నారు. బాపయ్య భుజం తట్టాడు. "రెస్టు తీసుకో అహ్మదూ. కబురు పెడతాలే."

దారిలోనే శరణ్యకి ఫోను చేశాడు. "ఎడంచెయ్యి ఇప్పుడు కడితే కుడిది వచ్చుద్దా?"

"రాదని అనను బాబాయ్. అప్పుడైతే నెలల్లో వచ్చేది. ఇప్పుడు ఏళ్ళు పట్టొచ్చు, అదీ ఎంతొచ్చుద్దో చెప్పలేను. రోజూ కడతారా మరి?"

ఇంటికెళ్ళి కూర్చున్నాడు. షాజాదీ అలవాటుగా కుడిచేతికి నూనె రాస్తోంది. రెండు నెలలుగా కాయ నొక్కి మండుతున్నది ఎడంచెయ్యి.

"ఆ నీలం గుడ్డ ఉతికి పట్రా. ఎడంచెయ్యి కట్టు."

"రేపు కడతాలే. పొద్దుట్నించీ ఏం తినలేదు, ముందు తిను" అంటూ ఆమె పప్పన్నం కలిపి ముద్ద ఎత్తింది.

అతను ఆ ముద్ద వైపు చూశాడు. ఆకలిగా ఉంది. నోరు తెరిచాడు.