కార్డు లేని కంప్యూటర్ మీద మా అత్త చేయి

రండి, ఈ చాప మీద నా పక్కకు జరిగి కూర్చోండి. ఫ్యాను గాలి ఇటే బాగా తగులుతుంది. భయపెట్టే మాటేమీ కాదు. పట్టపగలు, పండుగపూట మా ఇంట్లో జరిగింది. చూసినవాళ్లం నలుగురం. అది ఎలా జరిగిందో నలుగురిలో ఒక్కరికీ ఈ రోజు దాకా తెలియదు.

దయ్యాలు, మహిమలు నేను నమ్మను. ఉప్పుగూడలో మాది పాల వ్యాపారం. కాపురానికి వచ్చిన నాటి నుంచి తెల్లవారక ముందే లేచి బర్రెల కొట్టంలోకి పోతున్నాను. దయ్యమంటూ ఉంటే పేడ ఎత్తే సాయానికైనా ఒక్కనాడు వచ్చేది. రాలేదు. నా చదువు నాలుగో తరగతితో ఆగిపోయింది కానీ, చూసింది మరచిపోయే గుణం మాత్రం నాకు లేదు. ఉన్నది ఉన్నట్టే చెబుతాను.

మా అమ్మాయి స్వప్న కంప్యూటర్‌లో కదిలే బొమ్మలు చేస్తుంది. తను గీసిన బొమ్మ నడుస్తుంది, నవ్వుతుంది, అలుగుతుంది. ఒక బొమ్మల కంపెనీలో ఉద్యోగానికి పెట్టుకుంటే, పరీక్షగా ఏదైనా చేసి సోమవారం సాయంత్రం లోపల పంపమన్నారు. ఆలస్యంగా వచ్చింది చూడరట. అంతకు ముందు రెండు చోట్ల కాదన్నారు. ఇదీ పోతే ఇక మన పాల కొట్టు మీదే కూర్చుంటానని నవ్వుతూ అంది. అన్నాక చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకుంది.

తను చేసిన బొమ్మ ఏమిటంటే, మిద్దె మీద ఒక పావురం పిల్ల. రెక్కలు వచ్చినా ఎగరదు, తోటి పావురాలు వెక్కిరిస్తాయి. చివరికి ఎగురుతుంది. ఆ ఎగిరేది పూర్తి చేసి, చప్పుడు కలిపి పంపడమే మిగిలింది.

సరిగ్గా అప్పుడు, శనివారం పొద్దున, స్క్రీన్ మీద గీతలు మొదలయ్యాయి. చీర అంచుల్లాగా రంగురంగుల గీతలు. కాసేపటికి అంతా నల్లబడింది.

సలీం భాయ్‌ని పిలిచాం. మా గల్లీ చివరే ఉంటాడు, బజారులో కంప్యూటర్ రిపేరు దుకాణం ఉంది. స్వప్న మెషిన్ కూర్చి ఇచ్చిందీ అతనే. వైరు మార్చి చూశాడు. వేరే స్క్రీన్ తెచ్చి తగిలించాడు. అందులోనూ అవే గీతలు. అప్పుడు డబ్బా పక్క మూత విప్పి, లోపలి నుంచి గ్రాఫిక్స్ కార్డు బయటికి లాగాడు. స్క్రీన్‌కు బొమ్మను పంపేది అదేనని నాకు ఆ రోజే తెలిసింది. ఇటుకంత ఉంది, దానికో చిన్న ఫ్యాను. ఆ ఫ్యాను రెక్కల్లో పసుపు కుంకుమ గడ్డకట్టి ఉన్నాయి.

"అక్కా, గిదేంది? దీనికి పూజ గిట్ల చేసిన్రా?"

"దసరాకు చేసినం భాయ్. ఇంట్ల ఇనుప సామానంతటికీ చేస్తం గద."

"బండికి చేస్తరు, ఎరుకే. దీనికి మూత ఇప్పి లోపల చేసిన్రా?"

మంచం మీద కూర్చున్న మా అత్త అందుకుంది. "పని చేసేది లోపలిదైతే బొట్టు బయటిదానికెందుకు పెడ్తరు బిడ్డా?"

సలీం భాయ్ నవ్వు ఆపుకోలేక బ్రష్షు కింద పెట్టేశాడు. తర్వాత కుంకుమంతా దులిపాడు. కార్డుకు కింద బంగారు రంగు పళ్లుంటాయి, వాటిని పిల్లలు రాత చెరిపే రబ్బరుతో రుద్దాడు. మళ్లీ గట్టిగా నొక్కి పెట్టాడు. బొమ్మ వచ్చింది. మేము చాయ్ తాగేంత సేపు ఉండి, మళ్లీ గీతలు, మళ్లీ నలుపు. కార్డును దుకాణానికి తీసుకుపోయి ఇంకో మెషిన్‌లో పెట్టి చూశాడట. అక్కడా అదే తంతు. కాబట్టి తప్పు కార్డుదే, మెషిన్‌ది కాదు. పూజ వల్ల కూడా కాదు, దాని వయసు అయిపోయింది అన్నాడు. అది విని మా అత్త నా వైపు గెలిచినట్టు చూసింది.

ఇదంతా తేలేసరికి శనివారం రాత్రయింది. కొత్త కార్డు తెద్దామంటే ఆదివారం బోనాలు, దుకాణాలన్నీ మూత. సోమవారం అమ్మవారి కలశాలను మోసుకొచ్చే ఘటాల ఊరేగింపు, రోడ్లకు అడ్డంగా పోలీసుల కంచెలు. సలీం భాయ్ దుకాణం ఆ అవతల ఉండిపోయింది. మా గల్లీలోనే ఉన్న స్వప్న స్నేహితురాలి కంప్యూటర్‌లో ఈ పని దాచిన డిస్కు పెట్టి చూస్తే, ఆ పాత మెషిన్‌లో తెరుచుకోనే లేదు.

సోమవారం మధ్యాహ్నం సలీం భాయ్ శనివారమే తన ఇంటికి తెచ్చి పెట్టుకున్న ఆ పాడైన కార్డును న్యూస్‌పేపర్‌లో చుట్టుకుని వచ్చాడు. ఆఖరి సారి పెట్టి చూశాడు. ఏమీ లేదు. తీసేసి ఒళ్లో పెట్టుకున్నాడు.

మెషిన్ వెనకాల స్క్రీన్ వైరు పట్టే రంధ్రం ఇంకోటి కనిపిస్తోంది. దానికి పెట్టి చూడరాదా అని అడిగాను.

"గది ఉత్తగ షో కోసం అక్కా. ఈ మెషిన్ల ఉన్న ప్రాసెసర్‌కు బొమ్మ చూపెట్టే తాకత్ లేదు. కార్డు లేకుంటే ఇది గుడ్డిది. నమ్మవా? చూడు, పెట్టి చూపెడ్త."

వైరు దానికి గుచ్చి మెషిన్ ఆన్ చేశాడు. లోపల ఫ్యాన్లు తిరిగాయి. స్క్రీన్ నల్లగానే ఉంది. "చూసినవా?" అన్నాడు. స్వప్న గడియారం వంక చూసి తల దించుకుంది.

ఇప్పుడు బర్రెల సంగతి ఒకటి చెప్పాలి. బర్రె ఒక్కోసారి పాలు బిగబట్టుకుంటుంది. పొదుగు నిండా పాలుంటాయి, చుక్క వదలదు. చేపుతలేదు అంటాం మేము. దూడ చచ్చిపోయినా, ఎవరైనా బెదిరించినా అలా చేస్తుంది. అప్పుడు కొట్టినా తిట్టినా లాభం లేదు. పక్కన కూర్చుని, డొక్క మీద చేయి వేసి, పేరు పెట్టి పిలుస్తూ మాట్లాడాలి. మా అత్త చేయి పడితే చేపని బర్రె లేదు. మా బస్తీలో ఎవరి బర్రె మొండికేసినా ఆమె కోసమే వచ్చేవాళ్లు.

ఆ రోజు పండుగ చీర కట్టుకుని ఘటం కోసం ఎదురుచూస్తున్న మా అత్త, మనవరాలి ముఖం చూసి మంచం దిగింది. పీట లాక్కుని మెషిన్ పక్కన కూర్చుంది. ఆ రేకు మీద అరచేయి ఆనించింది.

"ఏమైంది తల్లీ? బెదిరినవా? ఎవ్వరేమనరు. నేనున్న గద. నిమ్మళంగ ఇయ్యి బిడ్డా."

"దాదీ," అన్నాడు సలీం భాయ్, "గది బర్రె గాదు."

"నాకు తెల్వదా? బర్రెకు కొమ్ములుంటయ్."

మేము ఆ నవ్వులో ఉండగానే గదిలో వెలుగు మారింది. స్క్రీన్ మీద పావురం పిల్ల కూర్చుని ఉంది. ఒక్క గీత లేదు.

సలీం భాయ్ మొదట తన ఒళ్లోకి చూసుకున్నాడు. పేపరులో కార్డు అలాగే ఉంది. డబ్బా లోపలికి తొంగి చూసి, కార్డు ఉండాల్సిన ఖాళీలో వేలు పెట్టి తడిమాడు. ఏమీ లేదు. ఫోను తీసి ఒక చేత్తో కార్డు పట్టుకుని, వెనకాల స్క్రీన్ కనబడేలా ఫొటో తీసుకున్నాడు. ఆ ఫొటో ఇప్పటికీ అతని దగ్గర ఉంది. చూసినవాళ్లు ఎవరూ నమ్మరు.

అంతలో మా అత్త కొంగు సర్దుకోవడానికి చేయి తీసింది. స్క్రీన్ నల్లబడింది. చేయి మళ్లీ వేసి, "ఈడనే ఉన్న, ఏడికి పోలే" అంది. బొమ్మ వచ్చింది.

ఎర్తింగు లోపం అయి ఉంటుంది, మనిషి ముట్టుకుంటే సరవుతోందేమో అన్నాడు సలీం భాయ్. ఉత్త కాళ్లు నేలకు ఆనించి తన చేయి వేశాడు. రాలేదు. తడి చేయి వేశాడు. రాలేదు. స్వప్న వేసింది, నేను వేశాను. మా అత్త చేయికే వచ్చింది.

"భాయ్, తర్వాత ఆలోచిద్దాం, నన్ను పని చేసుకోనియ్యి," అని స్వప్న కుర్చీ లాక్కుంది.

పని సగంలో ఉండగా డప్పులు మా గల్లీలోకి వచ్చాయి. ఇంటి ముందుకు ఘటం వస్తే, ఇంటి పెద్ద ఆడమనిషి పసుపు నీళ్లలో వేపాకు వేసి మోసేవాళ్ల కాళ్ల మీద పోస్తుంది. సాక పోయడం అంటాం. నేను కోడలిగా వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో అది మా అత్తే పోసింది. జ్వరంలో కూడా ఆ చెంబు నా చేతికి ఇవ్వలేదు. డప్పులు దగ్గరపడుతుంటే ఆమె మెడ గుమ్మం వైపు తిరిగింది. కాళ్లు పీట కింద దరువు వేస్తున్నాయి. చేయి మాత్రం కదల్లేదు.

"నాయినమ్మా, నువ్వు పోయి రా. అప్పటిదాక ఆగుత," అంది స్వప్న.

"నువ్ ఆగుతవు బిడ్డా, ఇది ఆగుతదా? మధ్యల లేస్తే మల్ల చేపదు." తర్వాత నా వైపు చూసింది. "ఏం జూస్తున్నవే, చెంబు అందుకో. నీళ్లు సల్లగ పొయ్యి, ఉరుకులాడకు."

నేను పోయి సాక పోశాను. తొందరలో చెంబు ఒరిగి సగం నీళ్లు నా చీర మీదే పడ్డాయి. ఘటం ముందు ఆడే పోతరాజు కొరడా చప్పుడు, ఆడవాళ్ల పాటలు, పైన ఎవరో చల్లుతున్న పూలు. కిటికీలో నుంచి చూస్తే మా అత్త ఇటు చూస్తూనే పెదవులు కదిలిస్తోంది. అమ్మవారికి మొక్కుతోందో, మెషిన్‌తో మాట్లాడుతోందో తెలియదు.

ఊరేగింపు గల్లీ దాటాక లోపలికి వచ్చేసరికి స్క్రీన్ మీద పావురం ఎగురుతోంది. సలీం భాయ్ నేల మీద కూర్చుని నోరు తెరుచుకుని చూస్తున్నాడు. గడువు దాటక ముందే స్వప్న పంపేసింది. పోయింది అనగానే మా అత్త చేయి తీసి వేళ్లు విరుచుకుని, చాయ్ అడిగింది. స్క్రీన్ నల్లబడింది.

మర్నాడు సలీం భాయ్ వేరే కార్డు తెచ్చాడు. పెట్టే ముందు మా అత్తను మళ్లీ పీట మీద కూర్చోబెట్టి, అదే వైరు, అదే రంధ్రం, అన్నీ అలాగే పెట్టి చూశాడు. ఎంతసేపటికీ రాలేదు.

"పిండిన బర్రెను మల్ల పిండితె తంతది," అని ఆమె లేచిపోయింది.

ఉద్యోగం వచ్చింది. రోజూ పొద్దున ఉప్పుగూడ స్టేషన్‌లో రైలెక్కి పోతోంది స్వప్న.

సలీం భాయ్ తనకు తెలిసిన పెద్ద మెకానిక్కులందరినీ అడిగాడు. కార్డు లేకుండా ఆ ప్రాసెసర్‌తో బొమ్మ రాదని అందరూ ఒకే మాట అన్నారు. నేను మా అత్తను అడిగాను, చేతికి ఏమైనా తెలిసిందా అని. "సన్నగ వణికింది. బెదిరిన జీవాలు గట్లనే వణుకుతయ్" అంది. లోపల ఫ్యాను తిరుగుతుంటే రేకు వణుకుతుంది, ఆ మాత్రం నాకూ తెలుసు. మిగతాది తెలియదు. తెలిసినట్టు చెప్పను.

ఇంతసేపు పనులు పక్కన పెట్టి విన్నారు. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పిల్లలు మొదలుపెట్టిన పని చివరిదాకా నడవాలి. ఎక్కడైనా ఆగితే, పీట లాక్కుని పక్కన కూర్చునే పెద్దమనిషి మీ గడపలో నిండు నూరేళ్లు ఉండాలి.