పులి పలకని సాయంత్రం

2019 ఫిబ్రవరి మొదటి వారంలో నన్ను నల్లమల అడవికి పంపారు. పులి గాండ్రింపు రికార్డు చేసుకురావడం నా పని. అప్పటికి నేను ఫిలింనగర్‌లో సినిమా శబ్దాలను కలిపే ఒక మిక్సింగ్ థియేటర్‌లో సీనియర్ సౌండ్ రికార్డిస్టుని. రిటైర్మెంటుకు రెండేళ్లుంది.

సినిమాలో వినిపించే శబ్దాలన్నీ షూటింగ్‌లో పట్టుకున్నవి కావు. వాన, తలుపు చప్పుడు, కుక్క అరుపు వంటివి ప్రతి థియేటర్‌లోనూ ముందే దాచి ఉంచుతారు. ఆ నిల్వను లైబ్రరీ అంటాం. మా లైబ్రరీలో పులి గాండ్రింపు ఒకటే ఉండేది. ఎన్నో సినిమాలకు అదే వాడాం. నిజానికి అది సింహం గర్జన. ప్రేక్షకులెవరూ పట్టించుకోలేదు కనుక మేమూ మార్చలేదు.

మార్చాలని పట్టుబట్టింది స్రవంతి. బోరబండలో పెరిగిన అమ్మాయి. చాలాకాలం అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేశాక దొరికిన మొదటి సినిమా అది. అందులో అడవి అంచున గుడిసెలో ఒక ఆడమనిషి ఒంటరిగా ఉంటుంది. బయట పులి తిరుగుతూ ఉంటుంది. గ్రాఫిక్స్‌కు బడ్జెట్ లేక పులిని చూపించలేదు. సన్నివేశం మొత్తం శబ్దం మీదే నిలబడాలి. నిర్మాత కోటేశ్వరరావు గారిది భీమవరం, ఆఫీసు జూబ్లీహిల్స్‌లో. ఆయనకు ఆ సన్నివేశం మీద మొదటినుంచీ నమ్మకం లేదు. సఫారీలో కొత్త గాండ్రింపు దొరికితే సరే, లేకపోతే సన్నివేశం కత్తిరించేద్దామని తేల్చి చెప్పారు. ఆ సన్నివేశం పోతే సినిమాలో తనదంటూ ఏమీ మిగలదని స్రవంతి నాతో అంది. పులిని చూసే సరదాతో నిర్మాత కూడా మాతో బయల్దేరారు.

మైకులు తీసుకెళ్లడానికి అటవీశాఖ అనుమతి విడిగా తీసుకున్నాం. సఫారీ నియమాలు మాత్రం అందరికీ ఒక్కటే. జీపు దిగకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, చీకటి పడేలోగా గేటు దాటి బయటికి వచ్చేయాలి. మా జీపు నడిపిన లింగయ్యే మాకు గైడు కూడా.

రెండో రోజు పులి కనిపించింది. కుంట దగ్గర నీళ్లు తాగి, మావైపు ఒకసారి చూసి, పొదల్లోకి వెళ్లిపోయింది. కోటేశ్వరరావు గారు ఫోన్లో ఫొటోలు తీసుకున్నారు. నా హెడ్‌ఫోన్స్‌లోకి గాలి తప్ప ఏమీ రాలేదు.

“ఏంటయ్యా లింగయ్యా, పులి మనకి డైలాగుల్లేని వేషమే వేసిందా?” అన్నారు నిర్మాత.

“గది మీ హీరో కాద్సార్. పైసలిచ్చినా డైలాగ్ చెప్పది” అన్నాడు లింగయ్య. అందరికంటే ఎక్కువ నవ్వింది నిర్మాతే.

ఆఖరి సఫారీలోనూ ఏమీ దొరకలేదు. పొద్దు వాలుతుండగా కోటేశ్వరరావు గారు సంచిలోంచి చిన్న స్పీకరు తీశారు. లైబ్రరీ గర్జనను ఎవరిచేతనో ఫోన్లోకి ఎక్కించుకుని తెచ్చుకున్నారు. దాన్ని వినిపిస్తే అసలు పులి జవాబిస్తుందని ఆయన ఆలోచన. సినిమావాళ్లకు తప్ప ఇంకెవరికీ తట్టని ఆలోచన అది. లింగయ్య వెంటనే జీపు ఆపాడు. తన లైసెన్సు పోతుందని ముందు చెప్పాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఈ పక్క పిల్లలున్న ఆడపులి తిరుగుతోందని, కొత్త పులి వచ్చిందనుకుంటే అది పిల్లలను తీసుకుని ఈ చోటు వదిలిపోతుందని.

నిర్మాత స్రవంతి వైపు తిరిగారు. “నీ సీను కోసమేనమ్మా. నువ్వే చెప్పు.”

ఆ అమ్మాయి స్పీకరుకు చెయ్యి అడ్డం పెట్టింది. “వద్దు సార్. గట్ల దొరికే సౌండ్ నాకొద్దు. సీను పోతే పోనీ” అంది.

ఆయన స్పీకరు లోపల పెట్టేశారు. కోప్పడతారనుకున్నాను, కోప్పడలేదు.

బయల్దేరే ముందు నేను ఒక్క నిమిషం అడిగాను. ఎక్కడ రికార్డు చేసినా, సర్దుకునే ముందు అందరినీ కదలకుండా ఉంచి, ఆ చోటులో ఊరికే ఉండే శబ్దాన్ని ఒక నిమిషం తీసుకుంటాం. దాన్ని ఆంబియన్స్ అంటాం. ఎడిటింగ్‌లో ఖాళీలు పూడ్చడానికి పనికొస్తుంది. అంతకు మించి దాన్నుంచి నేనేమీ ఆశించలేదు. ఇంజను చల్లారేటప్పుడు రేకు టిక్కుటిక్కుమంటుంది. అది ఆగేదాకా చూసి మీట నొక్కాను.

మొదట పిట్టలు, కీచురాళ్లు. తర్వాత ఎడమవైపు లోయలో కణుజు అనే పెద్ద జింక అరిచింది. లారీ హారన్ ఒక్కసారి నొక్కి వదిలినట్టు ఉంటుంది ఆ అరుపు. రెండోసారి ఇంకా దగ్గరగా వినిపించింది. చెట్లమీద కొండముచ్చులు దగ్గినట్టు హెచ్చరించుకున్నాయి. ఆ వెంటనే అన్నీ ఆగిపోయాయి. కీచురాళ్లు కూడా. సెట్లో ఏ టేకులోనూ మాట్లాడకుండా ఉండలేని మా నిర్మాత, ముందు సీటు కమ్మీ రెండు చేతులా పట్టుకుని కూర్చున్నారు. నిమిషం అయిపోయినా నేను రికార్డింగ్ ఆపలేదు. అక్కడ ఉన్నది పులో చిరుతో ఇప్పటికీ చెప్పలేను. మాకేదీ కనిపించలేదు.

హైదరాబాద్ వచ్చాక, కత్తిరించే ముందు ఒకసారి చూడమని నిర్మాతను ఒప్పించి, సన్నివేశాన్ని రెండు రకాలుగా మిక్స్ చేశాను. లైబ్రరీ గర్జనతో వేసి చూపిస్తే కోటేశ్వరరావు గారు ఫోన్ చూసుకుంటూ బానే ఉందన్నారు. రెండోదానిలో గర్జన లేదు. ఆ సాయంత్రం రికార్డయినది రికార్డయినట్టే ఉంచాను. కణుజు అరుపును వెనక స్పీకర్లకు ఇచ్చాను. అడవి నిశ్శబ్దం కాగానే ఆయన ఫోన్ దించి వెనక్కి తిరిగి చూశారు. వెనక గోడ తప్ప ఏమీ లేదు.

లైట్లు వేశాక, “గాండ్రింపు వద్దండి మేస్టారూ. ఇదే ఉంచండి” అన్నారు. తర్వాత స్రవంతితో, “ఇది నీకు ముందే తెలుసా అమ్మా?” అని అడిగారు.

“తెల్వద్సార్. నేను సుత గాండ్రింపు కోసమే వొయిన” అంది.

సన్నివేశం నిలిచింది. ఆమె రెండో సినిమాను కూడా ఆయనే తీశారు.

సర్వీసులో మిగిలిన కాలమంతా జూనియర్లకు ఒక పద్ధతి నేర్పాను. ఒక జీవి శబ్దం కావాలని ఎవరైనా అడిగితే, మైకును దానివైపే గురిపెట్టి ఊరుకోకూడదు. అది వచ్చినప్పుడు చుట్టూ ఏవి అరుస్తాయో, ఏవి అరవడం మానేస్తాయో ఆ రెండూ తీసుకురావాలి.