తలుపులు లేని దేశంలో పక్కింటామె

తడిపిన తునికాకు వాసన వస్తే చాలు, ఎవరో లైట్లు ఆర్పేసి సినిమా మొదలుపెట్టబోతున్నట్టు అనిపిస్తుంది నాకు. మొన్న షోలాపూర్ శివార్లలోని కుంభారి కాలనీలో అమ్మ ఇంటికి వెళ్లాను. గోనెపట్టాలో చుట్టిపెట్టిన బీడీల ఆకును అమ్మ విప్పి, చాటలో వేసుకుని, కత్తెర అందుకుంది. ఆ పచ్చి వాసన గదంతా పరుచుకునేసరికి నేను కుంభారిలో లేను. అశోక్ చౌక్ వెనక సందులో, మా వాడకట్టు సంఘం హాల్లో, జంపఖానా మీద కూర్చుని ఉన్నాను. ఎదుటి గోడకు తెల్లటి దుప్పటి. దాని పక్కన మైకు పట్టుకుని సరోజబాయి.

షోలాపూర్‌లో టీచరమ్మను బాయి అంటాం. సరోజబాయి జూనియర్ కాలేజీలో మాకు ఇంగ్లిష్ చెప్పేది. మా అందరిలాగే సాలోళ్ల ఇంట పుట్టింది. వాళ్ల నాన్న చాదర్లు నేసినవాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు "తీరలేదు" అని నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వులో దాచుకున్న బాధ ఉందేమోనని నేను చాలాకాలం వెతికాను. లేదు. తనకు ఇష్టమైన పని దొరికిన మనిషి నవ్వు అది. పాత స్కూటర్ మీద, వెనక ప్రొజెక్టర్ పెట్టెను తాడుతో కట్టుకుని, సాంచాలు బంద్ ఉండే సెలవు రోజు మధ్యాహ్నం వచ్చేది. పక్క కార్ఖానాలో ఆ మరమగ్గాల మోత లేకపోతేనే మా హాల్లో మాట వినబడుతుంది మరి.

ఆమె చూపించేవి మామూలు సినిమాలు కావు. మనిషి ఏం మాట్లాడాలో, ఎవరిని ప్రేమించాలో, దేన్ని మరిచిపోవాలో ప్రభుత్వమే చెప్పే దేశాల కథలు. అన్నీ నవలల్లోంచి వచ్చినవే. ముందు నవల చదివి, ఆ తర్వాతే సినిమా తెచ్చేది. తెర అడుగున అక్షరాలు ఇంగ్లిషులో పడుతుంటే, ఆమె పక్కన నిలబడి మా తెలుగులో, మధ్యమధ్య మరాఠీ కలిపి, మాట మాటా చెప్పేది. చూసేవాళ్లలో ఎక్కువమంది బీడీలు చేసే ఆడవాళ్లు. పని ఆగకూడదు గనక చాటలు వెంట తెచ్చుకునేవారు. చీకట్లో వేళ్లే కళ్లు వాళ్లకు. కత్తెరల కిచకిచ ఆగకుండా సాగుతూ ఉండేది. ఒక్కో చోట మాత్రం కత్తెరలన్నీ ఒక్కసారిగా ఆగిపోయేవి. అప్పుడు బాయి నా వైపు చూసి తల ఊపేది. సినిమా పట్టుకుందని అర్థం.

"వీళ్లకు ఇసొంటి సిన్మాలెందుకు బాయీ? రోజంత కష్టపడి వస్తరు, నవ్వే సిన్మా పెట్టొచ్చు గద" అని సంఘం పెద్దమనిషి ఒకాయన ఓసారి అన్నాడు. బాయి ప్రొజెక్టర్ వైరు చుట్టుకుంటూనే జవాబిచ్చింది. "రాజుల కథలు మస్తు విన్నరు కాకా. దేవుళ్లయి విన్నరు. ఇది పక్కింటోళ్ల కథ. అందుకే వస్తున్నరు."

నాకు అప్పుడు ఇరవై ఏళ్లు. నవలలు చదవడం బాయి దగ్గరే నేర్చుకున్నాను, కొత్తగా నేర్చినవాళ్లకుండే పొగరూ వచ్చింది. ఒకరోజు కొంతం చౌక్‌లో చాయ్ తాగుతూ, అంతకుముందు చూసిన సినిమాను చీల్చి చెండాడాను. నవలలో సగం లేదు, అసలు తీయకుండా ఉండాల్సింది అన్నాను. బాయి కప్పు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"గుడ్డ కత్తిరించకుండ జాకెట్ ఎట్ల కుడ్తవే పోరీ?"

"అట్లని సగం పారేస్తరా?"

"పారేసుడు తప్పు కాదు. ఏది పారేసిండ్రు, ఎవరి సుఖానికి పారేసిండ్రు, అది అడుగు. అది అడిగితే నీకు పుస్తకం సమజైతది, సిన్మా సమజైతది. ఒట్టిగ తిట్టుడు ఎవలైన తిడ్తరు."

ఆ మాట నాకు పూర్తిగా అర్థమైంది మాత్రం తలుపులు లేని దేశం అనే సినిమా చూసినప్పుడు. ఆ కథలో ప్రభుత్వం ఇళ్లకు తలుపులు ఉండకూడదని చట్టం చేస్తుంది. తప్పు చేయనివాడికి తలుపెందుకని వాదన. బట్టలు కుట్టే ఒక వితంతువు భరించలేక గుమ్మానికి దుప్పటి కడుతుంది. సినిమాలో ఒక క్రూరుడైన అధికారి ఆ దుప్పటిని కనిపెడతాడు, ఆమెను హింసిస్తాడు, జనం తిరగబడతారు, చివరికి పెద్ద విగ్రహం కూలుతుంది. మావాళ్లు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

చప్పట్లు ఆగాక బాయి మైకు తీసుకుంది. "పుస్తకంల అధికారి కనిపెట్టడు" అంది. "ఎదురింట్ల ఒకామె ఉంటది. ఇద్దరు చిన్న పిల్లల తల్లి. ఆమెను పిలిచి అడుగుతరు. రెండుసార్లు తెల్వదంటది. మూడోసారి చెప్తది. ఆమెను సిన్మాల తీసేసిండ్రు. ఎందుకు తీసేసిండ్రు?"

మా పక్కింటి నర్సవ్వ అందరికంటే ముందు నోరు తెరిచింది. కుళాయి నీళ్ల దగ్గర మా అమ్మతో ఆమెకు నిత్యం గొడవే. "ఎందుకంటే, ఆమెను చూపెడితే మనకు సిగ్గైతది బాయీ" అంది. "నేనైనా చెప్తుంటినేమో. పిల్లలున్నంక ఏం జేస్తం?"

"ఖరే, నిజం చెప్పినవ్" అంది బాయి. మందలించలేదు. "చెడ్డోడు ఒక్కడే అయితే మనం నిమ్మళంగ ఇంటికి పోయి పంటం. అందుకే తీసేసిండ్రు."

ఆ ఊపులో మా అమ్మ లేచి నిలబడింది. నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. "అంత దూరపు దేశం ఎందుకు? మన బ్రాంచిల చెకర్ మంచి బీడీ కట్టలు చెడిపోయినయని పక్కకు తీస్తడు. వాపసు అడిగితే ఇయ్యడు. మనం ఎవలమన్న అడిగినమా? ఒకరి మొకం ఒకరం చూసుకుంట ఊకుంటున్నం" అంది. అనేసి తన మాటకు తానే బెదిరిపోయి కూర్చుంది.

రెండు రోజుల్లో ఆ మాట బ్రాంచికి చేరింది. బీడీ కంపెనీ ఆకు, తంబాకు పంచేదీ, చేసిన బీడీలను చెకర్ చేత పరీక్ష చేయించి తీసుకునేదీ అక్కడే. బీడీలు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్లను చెకర్ ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, హాల్లో తన గురించి మాట్లాడింది ఎవరని అడగడం మొదలుపెట్టాడు. పేరు తెలిస్తే ఆ ఇంటికి ఆకు బంద్ అని బెదిరించాడు. ఆ సంగతి తెలిసి అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. నాన్నకు దగ్గు ముదిరి సాంచాల పని మానేసిన రోజులవి. మా ఇంటికి ఆ ఆకే ఆధారం.

బాయి కాలేజీ నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చింది. నేను ఆమెను భయపడగా చూడటం అదే మొదలు. చెప్పులు విడవడం కూడా మరిచి లోపలికి వచ్చేసింది.

"నేను పోయి చెప్త. సిన్మా పెట్టింది నేను, మాటలు గూడ నావే అని చెప్త" అంది.

"వద్దు బాయీ. మీ మీద కాలేజీకి ఫిర్యాదు పోతది. హాలు బంద్ చేస్తరు. అన్నదాన్ని నేను, నేనే పోత" అంది అమ్మ.

వాళ్లిద్దరూ ఇలా వాదులాడుకుంటూ ఉండగానే నర్సవ్వ సంచీ ఊపుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. మా ఇంటి గడప తొక్కి ఎన్నాళ్లయిందో. అమ్మ మొహం పాలిపోయింది.

"పిలిచిండు నన్ను" అంది నర్సవ్వ. "అందరికంటె ముందు నన్నే పిలిచిండు. నీకు నాకు పడదని వానికెర్క గద. ఎవలన్నరు చెప్పు, నీకు మంచి ఆకు ఇస్త అన్నడు."

"ఏమన్నవ్?" అంది అమ్మ.

"సిన్మాల ఆమె అన్నదని చెప్పిన."

"ఏ ఆమె?" అంది అమ్మ.

"అదే! నా గురించి మాట్లాడింది ఎవలంటడు. సిన్మాల ఆమె సారూ, దుప్పటి కట్టిందే, ఆమె అన్నది అన్న. ఆమె ఎక్కడుంటదంటడు. నాకేమెర్క సారూ, గోడ మీద ఉంటది, లైటేస్తే పోతది అన్న. నా ఎనక లైన్ల ఉన్నోళ్లు ఇన్నరు. ఇగ అందరు గదే మాట. సిన్మాల ఆమె, సిన్మాల ఆమె. వాని మొకం చూడాలె బాయీ నువ్వు!"

బాయి నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. తర్వాత నర్సవ్వ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "నర్సవ్వా, ఆ నవల రాసినామెకు గీ ఉపాయం తట్టలే" అంది.

అమ్మ మాత్రం నవ్వలేదు. లేచి నర్సవ్వకు చాయ్ పెట్టింది. మా ఇంట్లో క్షమాపణలు ఆ రూపంలోనే ఉంటాయి. చాయ్ తాగుతూ నర్సవ్వ, అసలు బ్రాంచికి మోసింది ఎవరో తాను కనిపెట్టి జుట్టు పట్టుకుని ఈడుస్తానంది. బాయి వెంటనే అడ్డుపడింది. "వద్దు. ఎతుకుడు మొదలువెడితే ఇయ్యాల్టి నుంచి మన ఇండ్లకు గూడ తలుపులుండయి. మోసినామె గూడ వచ్చే సిన్మాకు రావాలె. వచ్చి మన పక్కన్నే కూసోవాలె."

ఆ మనిషి ఎవరో మాకు ఈనాటికీ తెలియదు. తర్వాతి సినిమాకు హాలు నిండింది. చెకర్ మారలేదు, ఉద్యోగమూ పోలేదు. కానీ మంచి కట్టలు పక్కకు తీసేటప్పుడు లైన్లోంచి ఎవరో ఒకరు "సిన్మాల ఆమె చూస్తది సారూ" అనేవారు. వాడి చెయ్యి కాస్త వెనక్కి పోయేది. అంతకంటే పెద్ద గెలుపని నేను చెప్పను, కానీ అది గెలుపే.

నన్ను పుణెలో సినిమా రాయడం నేర్చుకోమని పంపింది బాయే. "నువ్వు తిట్టినయన్ని నువ్వే రాసి చూడు, తెలుస్తది" అంది. ఇప్పుడు హైదరాబాదులో నవలలకు స్క్రీన్‌ప్లే రాయడమే నా వృత్తి. తలుపులు లేని దేశం నవలను తెలుగులో తీద్దామని ఒక నిర్మాత ముందుకొచ్చేనాటికి బాయి పోయి ఏడాది దాటింది. మొదటి సమావేశంలోనే ఆయన, "ఎదురింటామె పాత్ర తీసేద్దామండీ, విలన్ ఒక్కడే ఉంటే ప్రేక్షకుడికి సులువు" అన్నాడు. అలా తీసేస్తే సులువయ్యేది ఎవరికో నాకు తెలుసు. నేను వాదించలేదు. బ్రాంచి కథ మొదటినుంచి చివరిదాకా చెప్పాను. ఆయన, "మరి ఈ ముగింపే పెడితే పోలా? ఆమె చెప్పదు. అందరూ 'సినిమాలో ఆమె' అంటారు. హాలు లేచిపోతుంది" అన్నాడు.

ఆ రాత్రే కాదు, చాలా రోజులు ఆ మాట నన్ను ఊరించింది. నర్సవ్వకు నేను కట్టగలిగే గుడి అదే అనిపించింది. కానీ అది కూడా ఎవరి సుఖానికి? చూసినవాళ్లు తామంతా నర్సవ్వలమే అనుకుని నిమ్మళంగా ఇంటికి వెళ్తారు. నర్సవ్వ అయితే అలా అనుకోలేదు. నేనైనా చెప్తుంటినేమో అని ముందే ఒప్పుకుంది. ఒప్పుకున్నది గనకే ఆ రోజు చెప్పకుండా ఉండగలిగిందని నా నమ్మకం. నవలలో ఉన్నట్టే రాశాను. మూడోసారి పిలిచినప్పుడు ఎదురింటామె చెప్పేస్తుంది. చివరి దృశ్యంలో ఖాళీ అయిన వితంతువు ఇంటికి వీపు తిప్పలేక, తన గుమ్మంలో అలాగే కూర్చుని ఉంటుంది. నిర్మాత ఒప్పుకోవడానికి సమయం పట్టింది, ఒప్పుకున్నాడు.

మొన్న కుంభారిలో అమ్మ, నర్సవ్వ కలిసి ఆ సినిమా నా ఫోనులో చూశారు. ఇప్పుడూ వాళ్ల ఇళ్లు పక్కపక్కనే. చివరి దృశ్యం అయిపోయాక నర్సవ్వ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"పాపం" అంది. "దానికి మంచి పక్కిల్లు దొరకలే."

ఇన్నేళ్లలో ఆ ఎదురింటామె గురించి ఇంతకంటే సరైన మాట నేను వినలేదు. బాయి ఉంటే అదే మాట మైకులో చెప్పించేది.

ప్రస్తుతం నా బల్ల మీద ఇంకో నవల ఉంది. అందులోనూ ఒక మహానాయకుడు, ఒక జైలు, ఎత్తైన గోడలు ఉన్నాయి. నేను వాటిని పక్కన పెట్టి, తీసేస్తే ఎవరికీ గుర్తురాని మనిషి ఎవరా అని వెతికాను. ఖైదీల బట్టలు ఉతికే ఒక ముసలామె దొరికింది. మొత్తం నవలలో ఆమెవి నాలుగు మాటలు. దర్శకుడు వచ్చే వారం కలుస్తానన్నాడు. ఆయనకు కథ ఆ ముసలామె దగ్గర్నుంచే మొదలుపెట్టి చెబుతాను.