చ మీదికెక్కిన గుడి

మా అక్కను ఈ వీధిలో అందరూ భూతద్దం అంటారు. శుభలేఖ చేతికిస్తే ముందు అచ్చుతప్పులు వెతికి, ఆ తర్వాతే పెళ్లెవరిదని అడిగే మనిషి. ఆమె, నేను కలిసి అనువాదాల ఆఫీసు నడుపుతున్నాం. ఆఫీసంటే ఒక గది, రెండు బల్లలు, మేమిద్దరం.

ప్రభుత్వ అనువాదాల పనికి మేం వేసిన టెండరు మూడోసారీ తిరిగొచ్చింది. 'ఐదుగురికి మించిన సిబ్బంది ఉన్న సంస్థలకే అర్హత' అని కారణం రాశారు. అక్క కాసేపు నమ్మలేకపోయింది. ఆ తర్వాత ఒళ్లు మండి, నన్ను వెంటబెట్టుకుని టెండర్ల గుమస్తా మీదికి వెళ్లింది.

“చిన్న సంస్థలకని మీరే కేటాయించిన పని ఇది. అందులోకి చిన్నవాళ్లనే రానివ్వరా?”

“అచ్చయిందే మాకు రూలమ్మా.”

“అయితే అచ్చుకి ముందు రాసిన కాగితం తీయండి!”

గుమస్తా తొమ్మిదేళ్ల నాటి ఫైలు దులిపి తెచ్చాడు. చేతిరాతలో 'మించని' అని ఉంది. అచ్చులో అది 'మించిన' అయింది. న మీద ఉండాల్సిన గుడి జరిగి చ మీదికెక్కింది, అంతే.

“ఏ మహానుభావుడండీ దీన్ని దిద్దింది? ఇన్నేళ్లూ ఎంతమంది నోట్లో మట్టి కొట్టాడు!”

గుమస్తా చివరి పేజీ తిప్పాడు. 'ప్రూఫు చూసినవారు' అన్నచోట సంతకం ఉంది. ఆఫీసు తెరిచిన కొత్తలో మాకు దొరికిన మొదటి పని అది.

అక్క కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. తర్వాత మెల్లగా నా వైపు తిరిగింది.

ఆ సంతకం నాది.