బెంచీ కుడి చివర

ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఐదో తరగతి టీచరమ్మ పిల్లల మీద బెత్తం ఎత్తలేదు. ఎత్తలేదంటే గదిలో బెత్తం లేదని కాదు. చేరిన మొదటి రోజున అప్పటి పెద్దసారు చేతికిస్తే, కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా దాన్ని అడ్డం పెట్టారు. తరవాత నలుగురు పెద్దసార్లు మారారు గానీ ఆ కర్ర మాత్రం అక్కణ్ణించి కదల్లేదు.

ఆవిడ విద్య అంతా బెంచీల్లోనే ఉందనేవారు తోటి టీచర్లు. బీరువా తలుపు లోపలి వైపు సుద్దతో గళ్ళు గీసి, ఎవరి పక్కన ఎవరో రాసుకునేవారు. చూపు ఆననివాళ్ళు ముందు, తాడిలా ఎదిగినవాళ్ళు వెనక. వసపిట్టలాంటి పిల్ల పక్కన నోట్లో నాలుక లేని పిల్లాడు. పదిహేను రోజులకి ఆ పిల్ల కబుర్లు సగమయ్యేవి, ఆ పిల్లాడికి మాటలొచ్చేవి. ఇక కొట్టుకున్నవాళ్ళకి శిక్ష ఒకటే. ఇద్దరూ కలిసి ఒక బెంచీని గది ఈ మూల నుంచి ఆ మూలకి మొయ్యాలి. పాతకాలం చేవ కర్ర బెంచీలవి. ఇద్దరూ ఒక్కసారే ఎత్తకపోతే అంగుళం జరగవు. ఎవరో ఒకరు "ఒకటి, రెండు" అనాల్సిందే. మాట కలిశాక ఇక పోట్లాటేముంది? ఆవిడ తరగతి నుంచి ఒక్క పిల్లా పెద్దసారు గదికి వెళ్ళలేదు, ఒక్కరూ బడి మారలేదు. ఈ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకునేవారు. చెప్పుకోదగ్గ సంగతే.

అలాంటావిడకి రిటైరయ్యే ఏడాదిలో ఒక బక్కపిల్ల తగిలింది.

వేరే బడి నుంచి మధ్యలో వచ్చి చేరింది. నెల తిరక్కుండా నాలుగు పోట్లాటలు. ఎవరి పక్కన వేసినా సరే, రాతపని మొదలయ్యేసరికి పక్కవాళ్ళు "టీచర్, పొడుస్తోంది" అని లేచేవారు. టీచరమ్మ ఎప్పటిలాగే "ఎవరు ముందు?" అని అడిగేవారు. "నేను కాదు టీచర్" అనేది బక్కపిల్ల. బెంచీ మోయించారు. నవ్వుకుంటూనే మోశారు, కూర్చోగానే మళ్ళీ మొదలు. చివరికి కళ్ళెదుట ఉంటుందని మొదటి బెంచీ కుడి చివర, తన బల్లని ఆనుకుని వేసి, పక్కన దేన్నైనా ఓర్చుకునే బొద్దుపిల్లని కూర్చోబెట్టారు. మూడో రోజుకి బొద్దుపిల్లా కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఇంకోటి కూడా ఉంది. తన ఎదుట బక్కపిల్ల రాసినవేమో కోడి కెలికినట్టు, ఇంటి దగ్గర రాసుకొచ్చినవేమో ముత్యాల్లా ఉండేవి. వాళ్ళ అక్క రాసిపెడుతోందని టీచరమ్మ తేల్చేసుకున్నారు.

శుక్రవారం నాడు ముగ్గురు తల్లులు కట్టగట్టుకుని పెద్దసారు గుమ్మం ఎక్కారు. వయసులో కుర్రవాడైన పెద్దసారు టీచరమ్మని పిలిచి కాసేపు నీళ్ళు నమిలాడు.

"సోమవారం దాకా చూద్దాం మేడం. కుదరకపోతే వాళ్ళమ్మకి కబురు పెట్టి టీసీ ఇచ్చేస్తాను."

"రెండు బళ్ళు చూసిన పిల్లని మూడోదానికి తోలతారా?"

"మీ దగ్గరే కుదురుకోకపోతే ఇంకెక్కడ కుదురుకుంటుంది చెప్పండి."

అది పొగడ్తో ఎత్తిపొడుపో తెలియలేదు. ఇంటికొచ్చేసరికి భర్త వీధి గదిలో మిషను మీద వంగి ఉన్నారు. ఆయన దర్జీ.

"ఏమోయ్ టీచరమ్మా, మొహం అలా వేలాడేశావు?"

చెప్పారు. ఆయన దారం పంటితో తెంపి, "పొడుస్తోందంటున్నారుగా. ఆ చోట నువ్వు కూర్చుని చూశావా?" అన్నారు.

"బల్ల దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాను కదండీ."

"చంకలో పట్టేస్తోందని ఎవరైనా చొక్కా తెస్తే నేను కొక్కేనికి తగిలించి చూడను. తొడుక్కుని చెయ్యెత్తమంటాను."

"మీరూ మీ చొక్కాలూనూ" అని విసుక్కున్నారు గానీ, రెండు రోజులూ ఆ మాట బుర్రలో తిరుగుతూనే ఉంది.

సోమవారం డిక్టేషన్ చెప్పే పని బొద్దుపిల్లకి అప్పగించి, ఆ పిల్ల చోట తాను కూర్చున్నారు.

"టీచర్, మీరూ రాస్తారా?"

"రాస్తాను. తప్పు నాదైతే నా చేతా బెంచీ మోయించండి."

తరగతంతా కిసుక్కున నవ్వింది. బొద్దుపిల్ల దొరికిందే సందని గబగబా చదవసాగింది. ఒకటి, రెండు, ఐదు మాటలు. ఏమీ కాలేదు. బక్కపిల్ల కోడిగీతలు గీస్తూ వెనకబడిపోతోంది. టీచరమ్మ తల ఎత్తకుండా రాసుకుపోతున్నారు. తొమ్మిదో మాట దగ్గర ఆవిడ కుడి మోచేతికి ఠక్కున ఏదో తగిలి, కలం కాగితం ఆ కొస దాకా జారింది.

పక్కకి చూశారు. బక్కపిల్ల ఎడమ చేత్తో రాస్తోంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. చూసిన మరుక్షణం కలం కుడి చేతిలోకి మారిపోయింది.

"ఎందుకమ్మా మార్చావు?"

"పాత బళ్ళో స్కేలుతో కొట్టేవారు టీచర్" అంది తల వంచుకుని.

టీచరమ్మ తరగతి వైపు తిరిగారు. "ఈ పిల్లది ఎడమ చేతి వాటమని మీకు తెలుసా?"

"తెలుసు టీచర్" అన్నారందరూ.

"మరి చెప్పరేం?"

బొద్దుపిల్ల పుస్తకం మూసింది. "మీరెప్పుడూ ఎవరు ముందనే అడిగారు కదా టీచర్."

ఆవిడ లేచి, చీర కొంగు బిగించి, బెంచీకి ఒక వైపు నిలబడ్డారు.

"రా అమ్మా. రెండో వైపు పట్టుకో."

సరిగ్గా అప్పుడే టీసీ పుస్తకం చంకలో పెట్టుకుని పెద్దసారు గుమ్మంలోకి వచ్చాడు.

"మేడం, మీరేంటి ఈ వయసులో?"

"మేమిద్దరం పోట్లాడుకున్నాం సారూ. నేనే ముందు. కాస్త దారివ్వండి."

ఆయన పుస్తకం వెనక్కి దాచుకుని పక్కకి తప్పుకున్నాడు. బక్కపిల్ల ఎడమ చెయ్యి ముందు వేసి బెంచీ పట్టుకుని, టీచరమ్మ మొహంలోకి చూసి, "ఒకటి, రెండు" అంది.

ఆ సాయంత్రం బీరువా తలుపు మీద బక్కపిల్ల గడి కుడి చివర నుంచి ఎడమ చివరకి మారింది.