పనసకర్ర చేతిచెక్కలు

తుపాకి గొట్టం కింద చెయ్యి ఆనించే చోట ఉండే చెక్కను పోలీసులు హ్యాండ్‌గార్డ్ అంటారు. వడ్రంగి నీలకంఠం దానికి చేతిచెక్క అని పేరు పెట్టుకున్నాడు. 2001 వేసవిలో అవి అతని ఇంటికి గోనెసంచిలో వచ్చాయి. కొన్ని చీలినవి, కొన్ని ఇనప తీగ చుట్టి నెట్టుకొస్తున్నవి. తెచ్చినవాడు హెడ్ కానిస్టేబుల్ సింహాద్రి. వజ్రపుకొత్తూరు మండలంలో నీలకంఠం ఊరికి ఆనుకుని, జీడితోటల మధ్య సాయుధ పోలీసుల శిబిరం ఒకటి వెలిసింది. అందులో తుపాకుల మరమ్మతు అతని పని.

అవి ఎస్సెల్లార్ రైఫిళ్ళవి. మీట నొక్కితే ఒక గుండు పోతుంది, తర్వాతిది దానంతట అదే వచ్చి కూర్చుంటుంది. వరసగా కాల్చేటప్పుడు గొట్టం వేడి చేతికి తగలకుండా అడ్డం ఉండేవి ఈ చెక్కలు. కొత్తవి పంపమని పైకి రాసి రాసి సింహాద్రికి విసుగొచ్చింది.

"ఇవి సెయ్యగలవా మావా?"

నీలకంఠం ఒక ముక్కను వెలుతురుకు ఎత్తి కర్రలో రేఖ ఎటు నడిచిందో చూశాడు. "సెయ్యొచ్చు బాబూ. నాను సేసినానని ఊళ్ళో తెలిత్తేనే కట్టం."

"సెయ్యనన్నావని మా కేంపులో తెలిత్తేనో?" అన్నాడు సింహాద్రి నవ్వుతూ. అతను చెడ్డవాడు కాదు. ఆ రోజుల్లో అక్కడ హాస్యం అలాగే ఉండేది.

నీలకంఠం ఒప్పుకోవడానికి కారణం కొడుకు. ధనుంజయ్‌కి ఇరవై రెండేళ్ళు. అంతకు ముందు ఏడాది ఒక సాయంత్రం నక్సలైట్ల దళం వాళ్ళు వీళ్ళ వాకిట్లో ఆగి మంచినీళ్ళు తాగారు. సముద్రం వైపు దారి అడిగితే కుర్రాడు చెయ్యి చాపి చూపించాడు. ఆ సంగతి ఎవరో చేరవేశారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే వెళ్ళి చీకటి పడేదాకా శిబిరం రేకుల షెడ్డు కింద కూర్చోవడం అతని శిక్ష. దానికి కేసు లేదు, గడువు లేదు. గాజువాకలో మేనమామ ఎల్లాజీకి తలుపులు, కిటికీలు చేసే షాపు ఉంది. వచ్చి నాతో ఉండమని అతను కబురు మీద కబురు పెడుతున్నాడు. ఆదివారం శిబిరంలో కనిపించాల్సినవాడు గాజువాక ఎలా వెళ్తాడు?

"మావోడి పేరు తీయించీగలరా బాబూ?" అని నీలకంఠం ఆ రోజే అడిగేశాడు.

"చెక్కలు బాగొత్తే ఇన్‌స్పెక్టర్‌గారి దగ్గిర నాను నోరిప్పుతాను. ఉట్టి సేతుల్తో ఎల్లి ఏటడగమంటావు?"

కర్ర ఎంపికకు నీలకంఠం చాలా ఆలోచించాడు. టేకు పోలీసులకు నచ్చే పేరే గానీ, అంత పల్చగా తొలిస్తే దెబ్బకు నిలువునా చీలుతుంది. సండ్ర గట్టిది, కానీ రోజంతా మోసేవాడి భుజం లాగేస్తుంది. మామిడి పురుగుల పాలు. కొబ్బరి మొద్దు పీచు లేచి అరచేతిలో దిగబడుతుంది. చివరికి తుపానులో పడ్డ పనసచెట్టు దుంగను పాకలోంచి బయటికి తీశాడు. పనస తేలిక, వంకర పోదు, ఉలికి చెప్పినట్టు వింటుంది.

"మద్దెలకి పనసే, తుపాకికీ పనసేనా?" అంది భార్య పైడమ్మ.

"ఏం, రొండూ వాయించేయే కదే."

మిగిలింది పైపూత. అవిసె నూనె రుద్దమని సింహాద్రి చెప్పాడు కానీ తెచ్చి ఇవ్వలేదు. తడి పట్టకుండా ఏది పూసినా పరవాలేదన్నాడు. ఉప్పుగాలికి, చెదలకు ఆ తీరమంతా వాడేది ఒకటే, జీడిపిక్కల తొక్కులోంచి తీసే నల్లనూనె. పడవలకు అదే, గుమ్మాలకు అదే. పచ్చిగా ఒంటికి తగిలితే పొక్కుతుందని అందరికీ తెలుసు. ఎండబెడితే ఆ గుణం పోతుందన్నది వాళ్ళ లెక్క. గుమ్మాన్ని ఎవరూ నిప్పు మీద పెట్టరు కాబట్టి ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు. పైగా పైడమ్మ ఏళ్ళ తరబడి కాశీబుగ్గలో పిక్కలు కొట్టే పనికి వెళ్తోంది. అరచేతులు నల్లబడి, మొద్దుబారి, అట్టలు కట్టిపోయాయి. నీలకంఠం చేతులూ అంతే. ఆ నూనె చేతుల్ని ఏం చేస్తుందో ఆ ఇంట్లో మరిచిపోయి చాలాకాలమైంది.

రెండు పూతలు పూసి, వేలికి అంటుకోనంత వరకూ ఎండలో ఉంచాడు. పచ్చటి పనస నేరేడు పండు రంగుకు తిరిగింది. మొదటి జత సింహాద్రి తనే బిగించి, నాలుగు గుళ్ళు కాల్చి చూశాడు. నాలుగు గుళ్ళకు గొట్టం వేడెక్కదు.

"ఏటి మావా, పెళ్ళికూతురిలాగ తయారుసేసీసినావు. అన్నీ ఇలాగే కానీ."

అన్నీ అలాగే చేశాడు. వాటిని చూసి ఇన్‌స్పెక్టర్ తల ఊపాడని, వచ్చే నెల నుంచి కుర్రాడు రానక్కర్లేదన్నాడని సింహాద్రి కబురు తెచ్చాడు. పైడమ్మ కొడుకు బట్టలు ఉతికి సంచిలో సర్దింది.

నెల మారకముందే శిబిరంలో పెద్ద ఎత్తున కాల్పుల సాధన పెట్టారు. మే ఎండలో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కాల్చారు. గొట్టాల వేడికి పూత కరిగి చెక్కలు చెమర్చాయి. అరచేతులకు జిగురు తగిలితే జవాన్లు చెమట అనుకున్నారు, అవే చేతులతో మొహాలు తుడుచుకున్నారు. మర్నాటికి చేతులు పొక్కిపోయాయి, కొందరికి కళ్ళు మూసుకుపోయాయి. వాళ్ళలో చాలామంది జీడిచెట్టు లేని జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు.

నీలకంఠాన్ని, పైడమ్మను, ధనుంజయ్‌ని జీపులో తీసుకెళ్ళారు.

"దీనికి ఏం పూశావు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"జీడినూనె బాబూ. మా పడవలకీ గుమ్మాలకీ ఇదే ఏత్తాం."

"మావాళ్ళ చేతులు గుమ్మాలా? ఎవరు పూయమన్నారు?"

"ఎవులూ సెప్పనేదు బాబూ. తడి పట్టకూడదన్నారు, నాను ఏసినాను. ఇసం ఏత్తే నా సేతులు మాత్రం ఊరుకుంటాయేటి? నాను రోజంతా ముట్టుకున్నాను, సూడండి." నీలకంఠం రెండు అరచేతులు చాపాడు. అడక్కుండానే పక్కన పైడమ్మ కూడా చాపింది.

ఇన్‌స్పెక్టర్ ఆ చేతుల్ని తిరగేసి చూశాడు. ఒక్క పొక్కు లేదు.

"మావాళ్ళందరికీ పొక్కి నీకు ఎందుకు పొక్కలేదు? జాగ్రత్త పడ్డావన్నమాట."

గోడ పక్కన నిలబడ్డ సింహాద్రి నోరిప్పబోయాడు. "నువ్వు ఉండవయ్యా, నీ సంగతి తర్వాత" అన్నాడు ఇన్‌స్పెక్టర్. వారంలో సింహాద్రిని బదిలీ చేశారు. చెక్కలన్నీ ఊడదీసి శిబిరం వెనక తగలబెట్టించారు. జీడినూనె పొగకు కాపలా జవాన్లు దగ్గి దగ్గి కింద కూలబడ్డారు. ఆ పాపం కూడా నీలకంఠం ఖాతాలోనే పడింది.

కేసు పెట్టలేదు. పెట్టడానికి ఏముందని ఇన్‌స్పెక్టరే అన్నాడట. కానీ ధనుంజయ్‌కి ఆదివారం శిక్ష రోజువారీ అయింది. రేకుల కింద కూర్చోవడం, పిలిచినప్పుడు వెళ్ళి నాలుగు దెబ్బలు తినడం, సాయంత్రం ఇంటికి రావడం. పోలీసులకు తుపాకులు బాగుచేసిన ఇల్లని ఊళ్ళో గుమ్మం చెక్కించుకునేవాళ్ళు నీలకంఠాన్ని పిలవడం మానేశారు. ఎల్లాజీ ఏడాది ఎదురుచూసి, వేరే కుర్రాణ్ణి పెట్టుకున్నాడు.

నీలకంఠం మాత్రం ఒక్క మాట వదల్లేదు. "కర్ర మంచిదేనే, కర్రలో తప్పు నేదు" అనేవాడు. కొన్నాళ్ళకు పైడమ్మ ఊఁ కొట్టడం కూడా మానేసింది.

2004లో శిబిరం ఎత్తేశారు. ఒక రాత్రి లారీలు వచ్చాయి, తెల్లారేసరికి రేకుల షెడ్డు లేదు. ధనుంజయ్ ఆ ఖాళీ స్థలంలో కాసేపు నిలబడి ఇంటికి వచ్చాడు.

"పోనీలే, ఇంక ఎల్లకు" అంది పైడమ్మ.

"ఎల్లొద్దని ఎవులు సెప్పినారు?" అన్నాడు నీలకంఠం. "రేపు ఏరేవోళ్ళు వచ్చి, ఏడ్రా ఆడు అంటే?"

దాంతో ధనుంజయ్ దగ్గర్లోని పోలీసు స్టేషనుకు వెళ్ళడం మొదలుపెట్టాడు. అక్కడివాళ్ళకు అతనెవరో తెలియదు.

"ఎందుకొచ్చినావురా?" అన్నాడు ఒక కానిస్టేబులు.

"రమ్మన్నారు బాబూ."

"ఎవులు?"

ఆ ఇన్‌స్పెక్టర్ పేరు అతనికి ఎప్పుడూ తెలియదు. సారు అనేవాడంతే.

"ఎవులో పెద్దసారు బాబూ. ఎల్లిపోమంటారా?"

కానిస్టేబులు లోపలికి వెళ్ళి ఎవర్నో అడిగి వచ్చాడు. వెళ్ళిపొమ్మనే అధికారం అక్కడ ఎవరికీ ఉన్నట్టు లేదు.

"సర్లే, ఆ గోడవార కూకో."

ధనుంజయ్ వెళ్ళి గోడవార కూర్చున్నాడు.