ఎర్రజెండా వెనక సముద్రం

వరండాలో వరిగడ్డి పరిచి మాగబెట్టిన చిన్నరసాల వాసన ఈ పూట ముక్కుకు తగలగానే ఒక సంగతి చెప్పాలనిపించింది. మా నూజివీడు చుట్టుపక్కల సైన్యం చేత సెల్యూట్ కొట్టించుకున్న కుర్రాణ్ణి నేనొక్కణ్ణే. అదీ ఒక చేత్తో జారిపోయే లాగూ పట్టుకుని.

వేసవి వస్తే మా బాబాయి సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద సైనిక శిక్షణ కేంద్రానికి లారీ నిండా మామిడిపళ్లు తోలేవాడు. ముసునూరు తోటలో చిక్కాలు కట్టిన గడలతో పెద్దవాళ్లు కాయలు దించుతుంటే, సొన కారి చెంపలు పొక్కిన మేం పిల్లలం వాటిని గడ్డి పరిచిన గంపల్లో సర్దుతూ, మధ్యలో ఎండుకొమ్మలు భుజాన వేసుకుని సిపాయిలాట ఆడుతూ, నాయనమ్మ చద్దన్నంలో కలిపిన కొత్తావకాయ ముద్దలకు చేతులు చాపుతూ గడిపేవాళ్లం. మా మెట్టలో నీళ్లంటే మోటబావి అడుగున మెరిసే ముక్కే. అందుకే నాకొకటే కోరిక: సముద్రం చూడాలి.

ఆ ఏడు బాబాయి అక్కనీ నన్నూ లారీ ఎక్కించాడు. ఇసుక, సరుగుడు తోపులు, ఉప్పుగాలి, ఎంతకీ తరగని గోడ. తీరా గేటు దగ్గర ఎర్రజెండా! లోపల తుపాకులు పేల్చడం నేర్పే రోజట. జెండా దిగేదాకా లారీ కదలదు, వలలు భుజాన వేసుకొచ్చిన పల్లెవాళ్లూ ఒడ్డుకు పోరు. ఎండకు పళ్లు మెత్తబడి గంపల్లోంచి రసం కారుతోంది, ఈగలు ముసురుతున్నాయి, బాబాయి తల పట్టుకున్నాడు. గోడకవతల అలల హోరు చెవులు నింపుతోంది, చూద్దామంటే చుక్క కనబడదు. పొద్దువాలాక జెండా దించి, పళ్లు గేటు దగ్గరే దింపించుకుని మమ్మల్ని వెనక్కి పంపేశారు.

నిజం చెప్పొద్దూ, గేటు దగ్గర కాపలా జవాను కొట్టిన ఆ సెల్యూట్ నాకు కాదు, మా వెనక ఆగిన అధికారి జీపుకి. ఊళ్లో మాత్రం సిపాయిలతో కలిసి ఈదానని చెప్పుకున్నాను.

తర్వాత సముద్రాన్ని బందరులో చూశాను, విశాఖలో చూశాను. కానీ నాకు కావలసింది ఆ గోడ వెనకది. మొన్న మనవడి కారులో మళ్లీ పోతే గోడ ఇంకా ఎత్తు లేచింది, దాని మీద ముళ్లకంచె, కెమెరాలు. మేం కూర్చున్న సరుగుడు తోపు లేదు, పల్లెవాళ్ల కాలిబాట లేదు. కారు ఆపనైనా ఆపనివ్వలేదు. ఇక్కడ మా తోటలోనేమో గడ్డి గంపలు పోయి ప్లాస్టిక్ ట్రేలు వచ్చాయి.

"ఆనాడు ఆ కాపలా జవాను అడ్డం పడకపోతే చూసేవాణ్ణే," అన్నాను ఉక్రోషంగా, పక్కన కూర్చుని టెంక చీకుతున్న అక్కతో.

"ఆపరా నీ సోది! ఎత్తి గంపల మీద నిలబెడతా, గోడ మీదుగా చూడమన్నది ఆ జవానే. నేనెక్కా, చూశా. లోపల తుపాకీ పేలగానే లారీ కింద దూరి, చక్రం వాటేసుకుని, 'నాకొద్దు సముద్రం' అని ఏడ్చింది నువ్వు!"